రాట్నం రెండోసారి

గంగి చేతులు చాపింది. సరోజ రాలేదు. బుచ్చమ్మ వెనక దాక్కుని, గుమ్మంలో నిలబడ్డ ఇద్దరినీ అనుమానంగా చూసింది. ఆ పిల్లకు రెండున్నరేళ్లు.

“పో బిడ్డా. జాతరకు తోల్కపోతరట. గుర్రమెక్కొచ్చు,” అంది బుచ్చమ్మ.

గుర్రం మాటకు పిల్ల ఒక అడుగు ముందుకు వేసింది. ఎనిమిది నెలల చంటివాడు నిద్రలో ఉన్నాడు. వాణ్ని గంగి భుజాన వేసుకుంది. బుచ్చమ్మ తన చీర, గాజులు ఆమెకిచ్చింది. చంటివాడి కోసం ముంతలో జావ పోసిచ్చింది. సాంబయ్యను ఎగాదిగా చూసి పెదవి విరిచింది.

“నడక మార్చు నాయినా. ఎనుక ఎవలో తరుముతున్నట్టు నడుస్తున్నవ్. జాతరకు పోయేటోడు గట్ల నడుస్తడా?”

సాంబయ్య నవ్వలేదు. అతనూ గంగీ కమ్యూనిస్టు దళం మనుషులు. కొత్తగూడ అడవుల నుంచి రాత్రుళ్లు నడిచి, వాగు పక్కనున్న ఈ గూడేనికి వచ్చారు. నిజాం రాజ్యం పోయింది గానీ, దళాల కోసం మిలిటరీ ఊరూరా దిగింది. పట్టుబడినవాళ్లు మళ్లీ కనిపించడం లేదు.

అడవిలో బయల్దేరే ముందు, ఇద్దరు పోవడం వద్దని దళ నాయకుడు దేవదాసు మొదట అన్నాడు.

“కురవి జాతర కాడ మిలిటరీ గుడారాలు ఎక్కడెక్కడున్నయో చూసి రావాలె. గంతే గద. ఒక్కడు చాలడా?”

“ఒంటిగ పోతే ఆపుతరన్నా. చేతుల పిల్లలుంటే ఎవలడుగుతరు?” అన్నాడు సాంబయ్య.

దేవదాసు గంగి వైపు చాలాసేపు చూశాడు.

“పొద్దుగూకితే దారి మూస్తరు. ఆలోపల పిల్లలు బుచ్చమ్మ ఇంట్ల ఉండాలె. మీరు దొరికితే మీరే పోతరు. వాళ్లకు మాత్రం ఏం గావద్దు.”

జాతరలో ఇసుక వేస్తే రాలనంత జనం. సాంబయ్య గుడారాలు చూశాడు. గంగి చూడలేదు. సరోజ మూతికి అంటిన బెల్లం తుడుస్తూ, చంటివాడికి జావ తాగిస్తూ ఉండిపోయింది. సరోజ మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంది.

కట్టె గుర్రాల రాట్నాన్ని ఇద్దరు మనుషులు తోసి తిప్పుతున్నారు. గంగి ఒక గుర్రమెక్కి, సరోజను ముందు కూచోబెట్టుకుంది. చంటివాణ్ని కొంగుతో నడుముకు కట్టుకుంది. రాట్నం కదలగానే సరోజ కెవ్వుమంది. రెండో చుట్టులో కళ్లు తెరిచింది. మూడో చుట్టులో పకపకా నవ్వింది.

రాట్నం ఆగింది.

“మల్ల,” అంది సరోజ. పొద్దున్నుంచి అదే మొదటి మాట.

“పొద్దు వాలుతున్నది. దిగు,” అన్నాడు సాంబయ్య.

“ఇంకొక్కపాలి,” అంది గంగి.

“గుర్రాలెక్కనీకి వచ్చినమా?”

గంగి మళ్లీ తిప్పమని రాట్నం మనిషికి సైగ చేసింది. సాంబయ్య పక్కకు తిరిగి నిలబడ్డాడు.

ఆ రెండోసారే ఆలస్యం చేసింది. వాళ్లు వాగు దగ్గరికి వచ్చేసరికి దారికి అడ్డంగా బండి పెట్టేశారు. తుపాకులతో ఇద్దరు జవాన్లు. పక్కన నులకమంచం మీద చుట్ట కాలుస్తూ పోలీసు పటేలు ముత్తయ్య. జవాన్లకు ఇక్కడి మనుషులు తెలియరు. ముత్తయ్యకు తెలుసు.

“ఏ ఊరురా?”

“వాగవతల గూడెం పటేలా. జాతరకు పోయొస్తున్నం.”

“నిన్ను ఎన్నడు చూసినట్టు లేదే.”

“ఇల్లందు బొగ్గుబాయి పనికి పోయిన. మొన్ననే ఒచ్చిన.”

చంటివాడు లేచి గుక్కపట్టాడు. ఒక జవాను విసుగ్గా ముందుకు వచ్చాడు. సాంబయ్య కంగారుగా చేతులు చాపాడు.

“పిల్లగాన్ని ఇటియ్యి అక్కా.”

దళంలో మగవాళ్లంతా అన్నలు, ఆడవాళ్లంతా అక్కలు. మాట జారాక గానీ అతనికి తెలియలేదు.

ముత్తయ్య చుట్ట నోట్లోంచి తీశాడు.

“పెండ్లాన్ని అక్క అంటరా మీ గూడెంల? అడివిల గట్ల పిలుచుకుంటరని ఇన్న.”

జవాను తుపాకీ ఎత్తాడు. గంగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“మా మేనమామ కొడుకు పటేలా. నాకన్న ఏడాది చిన్నోడు. చిన్నప్పటి సంది అక్కా అక్కా అని ఎనుక తిరిగిండు. పెండ్లయి పిల్లలు పుట్టినా నోరు తిరుగుతలేదు. మీరన్న జర బుద్ధి చెప్పుండ్రి.”

ఒక జవాను ఏమిటని అడిగాడు. ముత్తయ్య ఉర్దూలో చెప్పాడు. జవాను నవ్వాడు. ముత్తయ్య నవ్వలేదు.

“పెద్దోళ్లు ఎన్నైన చెప్తరు. పిల్లనడుగుదం.” మంచం దిగి సరోజ ముందు గొంతుకూర్చున్నాడు. “ఎవలే వీళ్లు? చెప్పు. నీకేమైతరు?”

సరోజ అతని మీసాలు చూసింది. జవాను తుపాకీ చూసింది. సాంబయ్యను చూసింది.

“చెప్పు బిడ్డా. నిన్ను కన్న అవ్వ ఏది?”

సరోజ గిరుక్కున తిరిగి గంగి కాళ్లను చుట్టుకుంది. గంగి ఒంటిచేత్తో ఎత్తుకుంటే, మెడలో మొహం దాచుకుని ఏడ్చింది.

ముత్తయ్య లేచి ధోతి దులుపుకున్నాడు.

“పోండ్రి. పిల్లలకు దిష్టి తియ్యుండ్రి.”

బుచ్చమ్మ ఇంట్లో అప్పుడే దీపం పెట్టింది. వాకిట్లోకి రాగానే సరోజ గంగి చంక దిగి, “అవ్వా” అంటూ బుచ్చమ్మ దగ్గరికి పరుగెత్తింది. వెనక్కి చూడలేదు. గంగి చంటివాణ్ని అందించి, గాజులు తీసి అరుగు మీద పెట్టింది.

“మల్లెప్పుడు?” అంది బుచ్చమ్మ.

గంగి సాంబయ్య వెనకే వాకిలి దాటింది.

అడవి అంచుకు చేరాక గంగి ఆగి, తడిసిన రవిక మీదికి కొంగు లాక్కొని, “పిల్ల మర్చింది, పిల్లగాడు మర్చిండు, ఇడిచొచ్చి రెండు నెలలైనా నా పాలే ఇంక ఎండుతలేవు,” అంది మొగుడితో.