మూడింటి ఎండ

వారం రోజులుగా ప్రిస్కిల్లా ఇంట్లో ఒకటే చర్చ. పెరట్లో నీడకు ఏం వేయించాలి?

గుడ్డ తెరా, రేకుల షెడ్డా, చెక్క స్తంభాల మీద పందిరిలా లేచే పెర్గోలానా?

పుప్పాలగూడలో విల్లా కొని ఏడాది దాటినా ఆ పెరడు పిల్లకు అక్కరకు రాలేదు. పదకొండేళ్ల జెస్సికా ఒంటికి ఎండ పడదు. కాసేపు తగిలినా ముఖం, చేతులు ఎర్రగా కంది జ్వరం వచ్చేస్తుంది. బడి నుంచి రాగానే కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో సైకిళ్లు తొక్కే పిల్లల్ని చూసేది.

"మమ్మీ, అందరూ లోపలికి వెళ్లిపోయాకే నేను బయటికి రావాలా?" అని ఒకరోజు అడిగింది.

ప్రిస్కిల్లా మర్నాడే డిజైనర్ శ్యామ్‌ను పిలిపించింది.

శ్యామ్ లాప్‌టాప్‌లో బొమ్మలు చూపించాడు.

"పెర్గోలా అయితే రిచ్‌గా ఉంటుంది మేడం. పైన షీటు వేస్తాం, చుక్క ఎండ దిగదు. హాలు తలుపు ముందే పెడదాం. లోపల సోఫాలో కూర్చుంటే వ్యూ బాగుంటుంది."

"అదే ఖాయం చేసేద్దాం," అన్నాడు ఆమె భర్త కిరణ్ పాల్.

స్తంభాలకు గుంతలు తవ్వడానికి వచ్చిన కూలీల్లో అంజమ్మ ఒకతె. ముప్పై ఏళ్లుంటాయేమో. ముగ్గుతో గీసిన చోటును చూసి, తలెత్తి పొద్దును చూసి, గడ్డపార పక్కన పెట్టింది.

"ఈ నీడ ఎవలికమ్మా?"

"మా పాపకి. స్కూలు నుంచి వచ్చాక కూర్చోడానికి."

"గట్లయితే ఈడ వద్దమ్మా. మూడు దాటితే ఎండ అడ్డంగ వస్తది. మీద ఎంత కప్పినా కిందికెళ్లి లోపట జొరబడ్తది. ఆ మూలకు ఎయ్యిండ్రి. గోడెనక గుండు అడ్డముంటది, పడమటెండ రానియ్యదు."

పడమటి మూలన, ప్రహరీకి అవతల, రెండంతస్తుల ఎత్తున పెద్ద బండరాయి ఉంది. ప్రిస్కిల్లా దాన్ని ఎన్నడూ పట్టించుకోలేదు.

శ్యామ్ నవ్వాడు.

"ఆ మూలన పెడితే వాచ్‌మన్ షెడ్డులా ఉంటుంది మేడం. లుక్కే పోతుంది."

"పిల్ల కోసమంటున్రు గదమ్మా. జర ఆలోచన చెయ్యిండ్రి."

"అంతా అనుకునే గీశాం. గీసిన చోట తవ్వమ్మా," అంది ప్రిస్కిల్లా, కాస్త విసుగ్గానే.

అంజమ్మ మళ్లీ గడ్డపార అందుకుంది. గీసిన చోటే తవ్వి, సాయంత్రం అందరితో పాటు వెళ్లిపోయింది.

ఆ ఆదివారం ప్రిస్కిల్లా చర్చి నుంచి వచ్చి వంట మొదలుపెట్టిందో లేదో, గేటు దగ్గర్నుంచి సెక్యూరిటీ రాములు ఫోన్ చేశాడు.

"అమ్మా, మీ గుంతలు తవ్విన అంజమ్మ వచ్చింది. మీతోని మాట్లాడాల్నంట."

ఇంకేదైనా పని అడగడానికి వచ్చిందనుకుంది ప్రిస్కిల్లా.

"ఇప్పుడు పనులేం లేవని చెప్పండి."

రాములు ఏదో చెప్పబోయాడు. కుక్కరు కూత వేసింది. ఆమె ఫోన్ పెట్టేసింది.

పది రోజుల్లో పెర్గోలా లేచింది. ఫోటో చూసి ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు.

ఎండలు ముదిరాయి. ఒక సోమవారం బడి నుంచి వచ్చిన జెస్సికా రంగుల పెట్టె తెచ్చుకుని పెర్గోలా కింద కూర్చుంది. ఇంటి నుంచే పనిచేస్తున్న ప్రిస్కిల్లా, పిల్ల నీడలోనే ఉంది కదా అన్న ధీమాతో మీటింగులో ఉండిపోయింది.

నాలుగున్నరకు తలుపు తీసేసరికి, ఏటవాలుగా దూరిన ఎండ పిల్ల మీదంతా పరుచుకుని ఉంది. ముఖం నిండా దద్దుర్లు.

"లోపలికి రావచ్చు కదే తల్లీ!"

"కుర్చీ జరుపుకుంటూనే ఉన్నా మమ్మీ. నీడ ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని..."

ఐదు రోజులు ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది.

ఇంటికి తెచ్చిన రోజు మధ్యాహ్నం పిల్లను పడుకోబెట్టి, ప్రిస్కిల్లా పెరట్లోకి వెళ్లింది. మూడయింది. పెర్గోలా కింద సగం నేల మీద ఎండ. నాలుగయ్యేసరికి మొత్తం ఎండే.

మూలకు వెళ్లి మట్టిలోనే చతికిలబడింది. పొద్దు వాలేదాకా ఒక్క ఎండపొడ ఆమెను తాకలేదు.

పెర్గోలా విప్పి ఆ మూలకు మార్చమని శ్యామ్‌కు ఫోన్ చేసింది. గుంతలు తవ్వడానికి అంజమ్మనే పంపమంది. కూలీలను పంపే మేస్త్రీ దగ్గర ఆమె మానేసిందన్నాడతను.

ప్రిస్కిల్లా గేటు దగ్గరికి నడిచింది. ఆ విల్లాలకు పునాదులు తీసిననాటి నుంచీ రాములు అక్కడే కాపలా.

"రాములు గారూ, అంజమ్మ ఎక్కడుంటుందండీ?"

"తెల్వదమ్మా. మొగుడూ పెండ్లాం ఇంకేదో సైటుకు పోయిండ్రు. ఫోను గూడ కలుస్తలేదు."

"ఆ ఆదివారం ఎందుకొచ్చిందో మీకు తెలుసా?"

"మీ పాప నీడ సంగతి చెప్పనీకే. ఇంక సిమెంటు పొయ్యలేదు గదా, ఇంకోపారి చెప్పి చూస్త అన్నది. అప్పుడు ఖాజాగూడల ఉండె, ఆడికెళ్లి ఈడిదాక నడుసుకుంట వచ్చిందమ్మా, పాపం."



"మా దగ్గర పనిచేసింది ఒక్క రోజే కదండీ. నీడ ఎక్కడ పడుతుందో ఆమెకి అంత కచ్చితంగా ఎలా తెలుసు?"

రాములు ఆమెను వింతగా చూశాడు.

"ఒక్క రోజేందమ్మా? ఈ ఇండ్లు కట్టెటప్పుడు ఆమె గుడిసె మీ పెరట్లనే ఉండె. కాన్పు గూడ ఆడనే అయింది. ఇటుకలు మోసుకుంట, ఆ గుండు నీడకు పండవెట్టుకుంట, రెండు ఎండకాలాలు పసిపిల్లను ఆడనే సాదుకున్నది."