కుర్చీ ఉద్యోగం

న్యూయార్క్‌లో బస్సు దిగగానే అగాథా కొడుకు నడుం చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకుంది.

"చిక్కిపోయావురా. మీ నాన్నలో సగం కూడా లేవు."

"కుర్చీలో కూర్చునే పని కదమ్మా. కండ ఎక్కణ్ణించి వస్తుంది" అన్నాడు ఏంగస్.

"కుర్చీలో కూర్చుంటే పొట్ట రావాలి కదరా" అంది ఆమె. అతను సంచి అందుకుని ముందు నడిచాడు.

వాళ్ళది మాంట్రియల్ పక్కన, నది ఒడ్డునున్న కానవాకే అనే ఊరు. ఆ ఊరి మగవాళ్ళు తాతల కాలం నుంచీ న్యూయార్క్ వచ్చి, మేఘాల్లో నిలబడి ఇనుప దూలాలు బిగించేవాళ్ళే. ఏంగస్ తండ్రీ అలాగే బిగిస్తూ ఒక వంతెన మీదనుంచి జారి పడ్డాడు. ఊరి శ్మశానంలో ఆయన తలవైపున ఉన్న శిలువ కూడా ఇనుప దూలంతో చేసిందే. దాని మీద చెయ్యి వేయించి, జన్మలో ఇనుమెక్కనని కొడుకు చేత ఒట్టు వేయించుకుంది అగాథా.

ఏంగస్ ఇనుమెక్కి రెండేళ్ళయింది. ఆఫీసులో బొమ్మలు గీస్తున్నానని ఇంటికి చెప్పాడు. నిజం తెలిస్తే అమ్మ గుండె ఆగిపోతుందేమోనని ఒక భయం. ఆగకపోతే తనను ఇదే బస్సులో వెనక్కి లాక్కుపోతుందని ఇంకో భయం. కింద నేల మీద తనకు బతుకు లేదని అతనికి పైకెక్కిన మొదటిరోజే తెలిసిపోయింది.

అగాథాకి భయపడడానికి కారణం అక్కర్లేదు. భూగర్భ రైల్లో పైకప్పు కూలుతుందేమో అంది. పావురాలు దగ్గరికొస్తే జబ్బులంటుకుంటాయని మూతికి కండువా కట్టుకుంది. రేవులో పడవ ఎక్కగానే, మునిగితే తొడుక్కునే చొక్కాలు ఎక్కడున్నాయో కనుక్కుని గానీ కూర్చోలేదు.

పడవ వెనక్కి తిరిగేటప్పుడు ఎండ ఏటవాలుగా పడింది. నీళ్ళలోంచి నగరం మొత్తం ఒక్కసారిగా లేచి నిలబడినట్టయింది. అగాథా కండువా జారిపోయింది. రెయిలింగు పట్టుకుని లేచి నిలబడింది.

"ఇదంతా మనుషుల చేతుల మీదుగానే పైకెళ్ళిందా?"

"అవునమ్మా."

"ఒక్కొక్క దూలం?"

"ఒక్కొక్కటే."

పడవ ఒడ్డుకి తగిలినా ఆమె కదల్లేదు. గుళ్ళో నిలబడ్డట్టు అలాగే తలెత్తి చూస్తూ ఉండిపోయింది. అమ్మ భయాన్ని మరిచిపోవడం ఏంగస్ పుట్టాక అదే మొదటిసారి చూడడం.

దిగాక ఆమే అడిగింది, నీ ఆఫీసు చూపించవా అని. తప్పక తీసుకెళ్ళాడు. కడుతున్న మేడ అస్థిపంజరంలా ఆకాశంలోకి పోయింది. దానికి బొమ్మలు గీస్తానని, తన గది కింది అంతస్తులోనేనని చెప్పాడు. అగాథా మెడ వెనక్కి వాల్చి చూసింది. అన్నిటికంటే పైదూలం మీద దేవదారులాంటి చిన్న ఫర్ చెట్టు ఒకటి కట్టి ఉంది.

"ఆ చెట్టేమిట్రా?"

మొన్న దాన్ని కట్టింది ఏంగసే. ఆఖరి దూలం పైకి పంపేటప్పుడు అలా కట్టడం ఇనుము పనివాళ్ళ ఆనవాయితీ.

"ఏమోనమ్మా, ఎవరో సరదాకి పెట్టుంటారు" అన్నాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు. ఆ చెట్టు సంగతి తెలియనివాళ్ళు కానవాకేలో పసిపిల్లల్లో కూడా ఉండరు.

అగాథా అతని వైపు చూడలేదు. "సరదాయే అయ్యుంటుంది" అంది.

అంతలో గేటులోంచి నార్మన్ వచ్చాడు. వాళ్ళ ఊరివాడే. ఏంగస్ దూలానికి ఒక కొస పట్టుకుంటే రెండో కొస పట్టేది అతనే. ఏంగస్ ముఖంలో రంగు పోయింది. నార్మన్ పరిస్థితి ఒక్క చూపులో అర్థం చేసుకున్నాడు.

"ఎప్పుడొచ్చావత్తా? మేం పైన ఎండలో మాడుతుంటే మీవాడు కింద కుర్చీలో కూర్చుని గీతలు గీస్తాడు. దొరగారు."

"ఆ కుర్చీ గట్టిదేనా, నార్మన్?"

"గట్టిదే అత్తా. నేనే దగ్గరుండి బిగిస్తాను."

"రోజూ చూసి బిగించు" అంది అగాథా. కంచె సందులోంచి చెయ్యి పెట్టి, అందిన స్తంభాన్ని అరచేత్తో తాకింది. ఇనుము ఎండకి వేడెక్కి ఉంది. అయినా వెంటనే చెయ్యి తీయలేదు.

బతికిపోయానని ఏంగస్ ఊపిరి పీల్చుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆమె ఒక మేకూ సుత్తీ కావాలంది. సంచి పట్టీ వదులైందట.

"నా దగ్గర సుత్తి ఎందుకుంటుందమ్మా" అని ఇంటావిడ దగ్గర అడిగి తెచ్చిచ్చాడు. తలుపు వెనక కాసేపు టక టకమని చప్పుడైంది.

బస్సు దగ్గర మళ్ళీ నడుం పట్టుకుంది. చేతికి ఒక మూట ఇచ్చి, బస్సు కదిలాకే విప్పమంది. కిటికీలోంచి ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. అతన్ని కాదు, అతని వెనక ఉన్న మేడల్నే చూస్తూ వెళ్ళిపోయింది.

మూటలో పైన, చిక్కుడు గింజలు వేసి ఉడికించిన మొక్కజొన్న రొట్టె ఉంది. దాని కింద నాన్న పనిబెల్టు.

పడిన రోజు నాన్న నడుముకి ఉన్నది అదే. ఇన్నేళ్ళూ ఇంట్లో గోడకి వేలాడుతూ ఉండేది. ఒట్టు గుర్తుచేయడానికే ఇంత దూరం మోసుకొచ్చిందనుకున్నాడు. తోలుకి కొత్తగా నూనె పట్టించి ఉంది. సిగ్గుతో తల వంచుకుని, దాన్ని మెల్లగా నడుముకి చుట్టుకున్నాడు. నాన్న దూలంలాంటి మనిషి. ఆయన బెల్టు చిల్లులు ఏవీ తనకి సరిపోవని తెలుసు.

వాటి పక్కన, సరిగ్గా తన కొలతకి, మేకుతో పొడిచిన కొత్త చిల్లు ఉంది.