మూడో ముద్ర

ఇది అబద్ధమనేవాడు ముందుకు రండి, వాడి వీపున నా ముల్లు దిగకపోతే నేను ముళ్లపందినే కాను!

మా అడవిలో కుందేళ్ల కలుగులోకి కొత్తవాడు వెళ్లాలంటే ఆకు మీద ముగ్గురి పాదముద్రలుండాలి. వాణ్ణి ఎదుట నిలబెట్టి, వాడు వాడేనని తేల్చుకున్నాకే ముద్ర వెయ్యాలి. ఏడు కొండల అవతలి చీమను గుర్తుపట్టే కళ్లు నావి, అందుకే మూడో ముద్ర ఎప్పుడూ నాదే.

ఒకనాడు పాగా చుట్టుకుని ఒకడొచ్చాడు. "తాతా, కుందేలు సూరమ్మకు ఏటవతలి మేనల్లుణ్ణి," అన్నాడు. ఆకు మీద ఉడుత ముద్ర, తాబేలు ముద్ర ఉన్నాయి. వాళ్లు చూసే ఉంటారని తలెత్తకుండా నేనూ వేసేశాను. పైగా ఉడుతా తాబేలూ వెంటరాగా, దర్జాగా కలుగు లోపలి దాకా నేనే తీసుకెళ్లాను.

లోపల సూరమ్మ పసికూనలు ఐదుగురు.

"ముద్రలు సరే నాయనా, ఆ పాగా తియ్యి. మావాళ్ల చెవులు చూసుకోవాలి," అంది సూరమ్మ.

తీస్తే చింతాకంత చెవులు! అడవిపిల్లి!

"నువ్వు చూడలేదుటే?" అని పక్కనున్న ఉడుత మీద అరిచాను.

"చివర్న మీరు చూస్తారుగా తాతా!" అంది. తాబేలుదీ అదే మాట.

వెనక్కి ఒక్క గెంతు గెంతాను, ముప్పై బారలు! పిల్లి ముక్కులో నా ముల్లు దిగింది, వాడు పరార్.

సాక్షి కావాలా? ముక్కులో నా ముల్లుతో తిరిగే అడవిపిల్లి గంగులు. అడిగేముందు మాత్రం ముక్కు చూసుకోండి, వాడు గంగులేనా అని!