పటేల్ జీపు

“పటేల్ సాబ్, గిది రిపేరు గాదు. మళ్ల పుట్టించుడు,” అంటూ మక్బూల్ జీపు కింది నుంచి బయటికి జరిగాడు.

నారాయణఖేడ్ బస్సు డిపో వెనక మక్బూల్ షెడ్డు. ముందున్న ఒకే ఒక్క కుర్చీలో గురునాథ్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పక్కన అతని డ్రైవర్ ఎల్లయ్య నిలబడి ఉన్నాడు. జీపును ట్రాక్టరుకు తాడు కట్టి నాగల్‌గిద్ద దారిలోని తమ ఊరి నుంచి లాక్కొచ్చారు. వెనక సీట్లో గుడ్లు పొదుగుతున్న కోడిని దింపడం మరిచిపోయారు. అదీ వచ్చింది.

మక్బూల్ చేతులు తుడుచుకున్నాడు. “ఇంజన్ బోర్ చెయ్యాలె. కింద కమాన్ పట్టీలు విరిగినయ్. ఫోర్‌వీల్ గేరు పడ్తనే లేదు. కింద రేకు తుప్పు పట్టి, కాలు పెడితే రోడ్డుకు తగుల్తున్నది. గీ పైసలకు మంచి సెకండ్ హ్యాండ్ కారొస్తది. నా మాట విని పాత ఇనుముకు ఇచ్చెయ్.”

“కారెక్కినోన్ని ఎవడు చూస్తడు మక్బూల్? అద్దాలెక్కిస్తే మనిషే కనవడడు. మా నాయన శివలింగప్ప గీ జీపుల ముందట కూసోనే రెండుసార్లు సర్పంచ్ అయిండు. వాగు, ఒర్రె అడ్డమొచ్చినా, బురద అడ్డమొచ్చినా ఆగలే. రేపు నేను గెలిచినంక గిండ్లనే తిరగాలె.”

“ఎలక్షన్లు ఎప్పుడు?”

“ఎప్పుడైతే ఏంది? బండి తయారుండాలె.”

మక్బూల్ ఎల్లయ్య వైపు తిరిగాడు. “నడిపేటోనివి నువ్వు. నువ్వన్నా చెప్పరాదూ?”

“చేయిద్దాం పటేలా,” అన్నాడు ఎల్లయ్య. “బండి ఊరికి పనికొస్తది.”

గురునాథ్‌కు కావలసిన మాట అదే. ఇన్నేళ్లలో ఎల్లయ్య అతని మాటకు ఒక్కసారీ ఎదురుచెప్పలేదు. గురునాథ్‌కు బండి నడపడం రాదని కాదు, నేర్చుకున్నదే ఆ జీపు మీద. కానీ సర్పంచ్ కాబోయే మనిషి తన బండి తనే నడుపుకుంటే నలుగురూ ఏమనుకుంటారు? ఆ దిగులు అతనికి గెలవకముందే పట్టుకుంది.

ఇంట్లో భార్య శృతి ఊరుకోలేదు.

“కంది పైసలు కొత్త బోరుకని పెట్టుకున్నం గదా. నీళ్లు లేక ఉల్లిగడ్డ పంటంత ఎండిపాయె. ఆ పైసలు తుప్పుకు పోస్తవా?”

“బోరు భూమిల ఉంటది, ఎవనికి కనవడ్తది? జీపు రోడ్డు మీదుంటది.”

“మన ఊరి సర్పంచ్ రిజర్వేషన్ ఎవరికొస్తదో ఇంక తెల్వనే తెల్వది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టున్నది నీ ముచ్చట.”

“జనరల్ వస్తది, లేకుంటే బీసీ వస్తది. ఏదొచ్చినా మనదే.”

శృతికి ఏడుపొచ్చింది. ఎండిన బోరు దగ్గర ఆమె ఒక్కతే ఏడ్చి వచ్చింది. కంది డబ్బు మక్బూల్ షెడ్డుకు చేరింది.

ఇంజన్‌కు ప్రాణం వచ్చింది. రేకు మారింది, ఆకుపచ్చ రంగు పడింది. గురునాథ్ శ్రద్ధంతా ముందు సీటు మీదే. ఎర్ర రెగ్జిన్, లోపల మందంగా స్పాంజి. డ్రైవర్ సీటు కన్నా కాస్త ఎత్తుగా ఉండాలని దగ్గరుండి చెప్పి కుట్టించాడు. ఎలా ఉందో చూడమంటే ఎల్లయ్య ఎక్కి కూర్చున్నాడు. కాసేపు అటూ ఇటూ కదిలాడు.

“ఇంక జర మెత్తగ కావాలె పటేలా,” అన్నాడు.

తన సుఖం కోసం ఇంత ఆలోచించే మనిషి దొరికినందుకు గురునాథ్ పొంగిపోయాడు. స్పాంజి ఇంకో వరస వేయించాడు.

జీపు ఇంటికి చేరిన వారంలోనే రిజర్వేషన్లు ప్రకటించారు. ఆ ఊరు ఎస్సీలకు వచ్చింది.

శృతి వాకిట్లోకి వచ్చి మెరిసిపోతున్న జీపును ఒకసారి చూసింది. “కోడిని మళ్ల ఎక్కియ్యాల్నా?” అని అడిగింది.

గురునాథ్ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తెల్లారేసరికి మాత్రం మీసం మళ్లీ లేచింది.

“పరేషాన్ గావద్దు. కుర్చీ వానిది, మాట నాది. సంతకం వాడు పెడ్తడు, ఏడ పెట్టాల్నో నేను చెప్త.”

“ఎవడు వాడు?” అంది శృతి.

“కాదనని మనిషి మనింట్లనే ఉన్నడు.”

సర్పంచ్‌కు నామినేషన్ వేయమని పిలిచి చెబితే ఎల్లయ్య తల వంచుకుని విన్నాడు. “నీ ఇష్టం పటేలా,” అన్నాడు.

పోటీ చేసే మనిషి జీపు నడుపుతుంటే, చేయని మనిషి ముందు సీట్లో కూర్చుని ఊరంతటికీ దండాలు పెట్టాడు. ఎల్లయ్య వాళ్ల వాడలో మాత్రం గురునాథ్ జీపు దిగేవాడు కాదు. బూట్లకు మట్టి అంటుతుందనేవాడు. ఎల్లయ్య ఒక్కడే ఇంటింటికీ వెళ్లి చాలాసేపు మాట్లాడి వచ్చేవాడు. ఏం మాట్లాడావని గురునాథ్ ఎన్నడూ అడగలేదు. ఓట్లడగడం తప్ప వాళ్ల మధ్య ఇంకేం మాటలుంటాయని అతని నమ్మకం.

ఎల్లయ్య భారీగా గెలిచాడు. పూలదండలు గురునాథ్ వేయించుకున్నాడు.

కొత్త సర్పంచులకు నారాయణఖేడ్‌లో సన్మానం పెట్టారు. ఆ పొద్దున గురునాథ్ గంజి పెట్టిన తెల్లబట్టలు వేసుకుని, నల్లద్దాలు పెట్టుకుని బయటికొచ్చాడు. వాకిట్లో జీపు సిద్ధంగా ఉంది. చుట్టూ సగం ఊరు నిలబడి ఉంది. ఎర్ర సీట్లో ఎల్లయ్య కూర్చుని ఉన్నాడు. తన కోసం దుమ్ము తుడుస్తున్నాడేమో అనుకుని గురునాథ్ ఒక నిమిషం ఆగాడు. ఎల్లయ్య చేతిలో గుడ్డ లేదు, తాళంచెవి ఉంది. దాన్ని అతని వైపు చాచాడు.

“నువ్వు నడుపు, గురునాథన్నా.”