ఒక్క రింగు

ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోయింది.

"వాడే," అన్నాడు కృష్ణప్రసాద్.

"ఎవడో స్కామర్, నాన్నా. తిరిగి చెయ్యకు," అంది పక్కనే కూర్చున్న కూతురు వర్షిత.

సింగపూర్ బెడోక్‌లోని ఆ ఫోన్ దుకాణం ఆదివారం సాయంత్రం కిటకిటలాడుతోంది. ఇద్దరూ టోకెన్ పట్టుకుని వంతు కోసం చూస్తున్నారు. మోగింది ఆయన ఫోన్ కాదు. భార్య సత్యవాణిది. ఆమె పోయి రెండేళ్లవుతోంది.

ప్రతి ఆదివారం ఇదే వరస. ఒక్క రింగు, వెంటనే కట్. ఒళ్లు మండి ఆయన తిరిగి చేస్తే అవతలివాడు ఎత్తడు. ఒక్క రింగు పోనిచ్చి కట్ చేస్తాడు. పోయిన మనిషి ఫోనుతోనా పరాచికాలు?

లైను తీయించెయ్యమని వర్షిత ఎప్పటినుంచో పోరుతోంది.

"కాంట్రాక్టు టర్మ్ అవనీయవే," అంటూ ఆయన దాటేస్తూ వచ్చాడు.

కొత్త ఫోన్ కొనుక్కుని, రెండేళ్ల కాంట్రాక్టు తీసుకున్న నెలలోనే సత్యవాణి బస్‌స్టాప్‌లో కుప్పకూలింది. ఆఖరి ఘడియలో ఎవరి ఒళ్లో తల పెట్టుకుందో కూడా ఆయనకు తెలియదు. ఆ నంబరు బతికున్నన్నాళ్లూ ఆమె ఏ కూరగాయలకో వెళ్లినట్టే ఉండేది.

నిన్న కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. గడువు తీరింది, ఇక ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకోవచ్చని. ఆయన దగ్గరున్న ఒక్క సాకూ అయిపోయింది.

అలవాటుగా వేలు ఆ రింగిచ్చిన నంబరు మీదికి పోయింది. కూతురి మొహం చూసి ఆగాడు.

కాసేపటికి ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి ఆగలేదు.

చుట్టూ తలలు ఇటు తిరిగాయి. ఆయన ఎత్తాడు.

"ఎవరు నువ్వు?"

అటువైపు జనం సందడి, మైకులో ఏదో ప్రకటన. ఆ వెనకే తెలుగు గొంతు.

"సార్... ఇయ్యాల మీరు రింగ్ ఇయ్యలే. అమ్మ మంచిగున్నదా?"

వర్షిత చెప్పనే చెప్పింది, ఈ మోసగాళ్లు ఇంటి సంగతులన్నీ కనుక్కుని మన భాషలోనే మాట్లాడతారని.

"ఏ అమ్మ? నా భార్య నంబరు నీకెవరిచ్చారు?"

"ఎవ్వరియ్యలే సార్. నేనే తీస్కున్న. అంటే, దొంగతనంగ కాదు..."

"తీసుకున్నావా! ఏం పేరు నీది?"

"తిరుమలేష్ సార్. వర్క్ పర్మిట్ అయిపోయింది, ఊరికి పోతున్న. ఇగ ఈ నంబర్ ఉండది. ఒక్క మాట అమ్మతోని..."

"నోరు ముయ్! ఆడమనిషి ఫోనుకు వారం వారం రింగులిస్తావా? పోలీసులకు పట్టిస్తాను!"

"నాన్నా, కట్ చెయ్," అంది వర్షిత భయంగా.

అవతల మైకులో మళ్లీ ఏదో ప్రకటన.

"తప్పైంది సార్. కోపం చెయ్యకుండ్రి. జర నిమ్మలంగ ఉండుండ్రి. అమ్మను పైలంగ చూస్కోండ్రి."

ఫోన్ ఆగిపోయింది.

వాళ్ల టోకెన్ వచ్చింది. కౌంటర్‌లోని చైనీస్ అమ్మాయి ఆయన మొహం, చేతిలోని ఫోన్ తొడుగు మీదున్న దంపతుల పాత ఫోటో మార్చి మార్చి చూసింది.

"అంకుల్, కన్ఫర్మా? ఇవాళే అక్కర్లేదు. టర్మ్ అయిపోయినా లైన్ నెలనెలా అలాగే నడుస్తుంది. నెక్స్ట్ వీక్ అయినా ఓకే."

"వద్దమ్మా. ఇప్పుడే తీసెయ్."

ఆ పిల్ల పని ముగించి, సిమ్ కార్డును చెత్తబుట్టలో వెయ్యకుండా చిన్న కాగితానికి టేపుతో అతికించి, రెండు చేతులతో ఆయనకు అందించింది.

బయటికొచ్చారు. సిగ్నల్ చూడకుండానే ఆయన రోడ్డు మీదికి అడుగేశాడు. వర్షిత చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

"స్లో, నాన్నా! నిదానంగా!"

ఆయన ఉన్నచోటే నిలబడిపోయాడు.

నిదానంగా. నిమ్మలంగ.

సత్యవాణి కుప్పకూలిన రోజు ఆయన తంజోంగ్ పగార్ ఏరియాలోని ఆఫీసులో ఉన్నాడు. ఇంటికి బయల్దేరుతూ ఆమెకు ఫోన్ చేస్తే ఎవరో ఎత్తారు. 'అమ్మ కింద పడ్డది సార్. నేన్ పట్టుకొనే ఉన్న. అంబులెన్స్ వస్తున్నది. మీరు ఉరకకుండ్రి, నిమ్మలంగ రాండ్రి.' ఆ ఒక్క మాట ఆసరాతోనే ఆయన ట్రైన్‌లో నిలబడగలిగాడు. ఆసుపత్రి చేరేసరికి అంతా అయిపోయింది. ఆ గొంతు ఎవరిదని ఎన్నిచోట్ల వాకబు చేసినా దొరకలేదు.

భార్య ఫోన్‌లోని ఆ నంబరు చూసి, తన ఫోన్‌ నుంచి కొట్టాడు.

స్విచాఫ్.

మళ్లీ కొట్టాడు. స్విచాఫ్.

"వాట్ హ్యాపెన్డ్ నాన్నా? ఎవరతను?"

ఆ రోజు సత్యవాణి ఫోన్ ఎత్తినవాడే. అంబులెన్స్ వచ్చేలోపు ఆమె ఫోన్ నుంచి తన నంబరుకు మిస్డ్ కాల్ ఇచ్చుకుని ఉంటాడు, తర్వాత క్షేమం కనుక్కుందామని. మనవాళ్ల పద్ధతే అది. ఒకరు ఒక్క రింగు ఇస్తే, ఎలా ఉన్నారని. అవతలివాళ్లు తిరిగి ఒక్క రింగు ఇస్తే, బాగున్నామని. ఎత్తే పని లేదు.

రెండేళ్లుగా ఒళ్లు మండి ఆయన తిరిగి ఇచ్చిన ప్రతి రింగూ అవతల ఆ జవాబుగానే చేరింది.

తలెత్తి చూశాడు. చాంగీ ఎయిర్‌పోర్ట్ వైపు నుంచి ఒక విమానం లేచి పోతోంది.

ఆ రోజు సత్యవాణి తలను ఒళ్లో పెట్టుకున్న మనిషి, ఆమె చల్లగా బతికే ఉందన్న నమ్మకంతో ఊరికి వెళ్లిపోతున్నాడు.