నీలం అట్ట పుస్తకం

"మీది సరిపోదండీ, ఓ పాజిటివ్," అంది ల్యాబ్‌లో అమ్మాయి, మార్కండేయులు చేతికి దూది అదిమిపెట్టి. "మీ ఆవిడగారిది బి నెగెటివ్. సాయంత్రంలోపు రెండు బాటిళ్ళు లేందే డాక్టరుగారు ఆపరేషన్ మొదలెట్టరు. బెజవాడలో కూడా లేదంటున్నారు."

తన ఒంట్లో పారేది ఏ గ్రూపు రక్తమో యాభై ఏళ్ళకి మొదటిసారి తెలిసింది మార్కండేయులుకి. తెలిసి ఒరిగిందేమీ లేదు. లోపల మంచమ్మీద రాజకుమారి, అద్దకానికి ముందు ఉతికి ఆరేసిన గుడ్డలా పాలిపోయి ఉంది. పొద్దుటినుంచి ఆమె కింద దుప్పటి మూడుసార్లు మార్చారు.

"మనకెవరున్నారండీ ఈ బందర్లో," అంది నీరసంగా.

అప్పుడు గుర్తొచ్చింది నీలం అట్ట పుస్తకం. సేవా క్లబ్బు సభ్యుల డైరెక్టరీ. ఫోన్ నెంబర్లుంటాయి కదాని పెడనలో బయల్దేరేటప్పుడు ఆవిడ చీరలతోపాటు సంచిలో కుక్కాడు. పరుగున ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి క్లబ్బు సెక్రటరీ శేషగిరిరావుకి ఫోన్ చేశాడు.

"కంగారు పడకండి మార్కండేయులు గారూ," అన్నాడు శేషగిరిరావు తాపీగా. "క్లబ్బులో చేరండి, చేరండి అని మీ అద్దకం షెడ్డు చుట్టూ ఆర్నెల్లు తిరిగింది ఇందుకే గదండీ. ఆపదొస్తే మనకి మనమే. పుస్తకం తియ్యండి. పేరు, పని, ఊరు, ఫోను, రక్తం గ్రూపు. ఒక్క గడి ఖాళీ ఉండదు. జిల్లాలో ఉత్తమ క్లబ్బు షీల్డు మనకి ఊరికే రాలేదు."

మొదటి పేజీల్లోనే ఇద్దరు దొరికారు. గుడివాడలో ఎరువుల కొట్టు మధుసూదనరావు, కృత్తివెన్నులో రొయ్యల చెరువుల నాంచారయ్య. కావలసింది ఇద్దరే. ఫోన్లు చేస్తే ఇద్దరూ మారుమాట లేకుండా బయల్దేరుతున్నామన్నారు. ఈ క్లబ్బులన్నీ దండలకీ ఫోటోలకీ అని ఇన్నాళ్ళూ నవ్వుకున్నందుకు మార్కండేయులు మనసులోనే లెంపలేసుకున్నాడు.

మధుసూదనరావు కొట్టు మూసేసి పన్నెండింటికల్లా వచ్చాడు.

"ఏ పాజిటివ్," అంది ల్యాబ్ అమ్మాయి.

"ఇంకోసారి చూడమ్మా. పుస్తకంలో బి నెగెటివ్ అనుంది."

ఇంకోసారి చూసింది. ఏ పాజిటివే. పెద్దమనిషి సిగ్గుతో తల దించుకున్నాడు.

"అచ్చుతప్పు పడుంటుందిలెండి," అని ఆయన్నే ఓదార్చాడు మార్కండేయులు. నాంచారయ్య రావాలి. ఒక్క బాటిల్ దొరికినా డాక్టరు కాళ్ళు పట్టుకోవచ్చు.

నాంచారయ్య చెరువు గట్టు మీంచి బురద కాళ్ళతోనే బస్సెక్కినట్టున్నాడు. మూడింటికి వస్తూనే చొక్కా చెయ్యి పైకి మడిచి, "ఎంత కావాలంటే అంత తీసుకోండమ్మా," అన్నాడు.

"ఓ పాజిటివ్."

నాంచారయ్య మడిచిన చొక్కా చెయ్యి కిందకి దించుకున్నాడు. నర్సు వచ్చి, "ఆవిడకి తెలివి తప్పుతోందండీ, తొందరగా చూడండి," అని వెళ్ళిపోయింది. మార్కండేయులు బెంచీ మీద కూలబడ్డాడు.

"ఇంకా ఎవరైనా ఉన్నారేమో చూడు బావా," అన్నాడు నాంచారయ్య, ఆ పూటే మొదటిసారి చూసిన మనిషిని. "పుస్తకం పెద్దదేగా."

నిజమే. ఇద్దరు దొరగ్గానే మిగతా పేజీలు తిప్పనేలేదు. సభ్యులు చేరిన వరసలో ఉన్నాయి పేర్లు. అద్దకపు కరక్కాయ మరకలున్న అతని వేలు గ్రూపుల గడిలో పైనుంచి కిందకి జారుతోంది. ఓ, ఏ, బి పాజిటివ్, మళ్ళీ ఓ. పేజీ తిప్పాడు. ఇంకో పేజీ. చిట్టచివరి పేజీలో, చిట్టచివరి వరసలో వేలు ఆగిపోయింది.

"ఉంది," అన్నాడు. "బి నెగెటివ్. ఇంకొకరున్నారు."

ఇద్దరూ పుస్తకం మీదకి వంగారు.

"ఎవరండీ? ఏ ఊరు?" అడిగాడు మధుసూదనరావు.

మార్కండేయులు వేలిని మెల్లగా పేరు దాకా జరిపాడు.

'మార్కండేయులు, కలంకారీ అద్దకం, పెడన.'