పేరూ, ఇంటి అడ్రసూ

"మేడమ్, నా వల్ల కాదు. కాళ్ళూ చేతులూ ఆడట్లేదు."

మున్సిపల్ హాల్లో చివరి వరసలో కూర్చున్న సెకండియర్ అమ్మాయి, ప్రశ్న రాసుకున్న కాగితాన్ని ఉండ చుట్టేసింది. పక్కనే ఉన్న ప్రిన్సిపాల్ మేడమ్ ఆ ఉండ తీసుకుని మడతలు సాపు చేసింది.

ఈ గొడవంతా తెచ్చిపెట్టింది ఆవిడే మరి. పాఠాలు బట్టీ పడితే చాలదు, ఊరి సంగతి కూడా పట్టించుకోండని పిల్లల్ని పోరు పెట్టి మరీ ప్రతి బహిరంగ సభకీ వెంటబెట్టుకొస్తోంది. ఇక్కడ ఎవరు ప్రశ్న అడిగినా పేరు, ఇంటి అడ్రసు మైకులో చెప్పాలి. గుమాస్తా రాసుకుంటాడు. "పేరు దాచుకుని అడిగితే దాన్ని ప్రశ్న అనరు, చాడీ అంటారు" అని ఆవిడ పిల్లలకి నూరిపోసింది. మండుటెండల్లో కూడా మణికట్టు దాకా చేతులున్న బట్టలే వేసుకుంటుందని పిల్లలు చాటుగా 'ఫుల్‌హ్యాండ్స్' అని పేరు పెట్టారు. ఆవిడ మాటంటే మాత్రం చెవి కోసుకుంటారు.

ఇవాళ ఆ అడ్రసే ప్రాణం మీదికొచ్చింది. కాలువ మీది నడకవంతెన కూలి, కాలేజీ పిల్ల ఒకతె ఆసుపత్రిలో పడి ఉంది. వంతెన ఊగుతోందని పిల్లలు ముందే మొత్తుకున్నారు. ఎందుకు మూయించలేదని అడగాలి. అడగాల్సింది ఛైర్మన్‌ని. ఆయన ఎవరి మీదా గొంతు పెంచడు. నవ్వి, "మంచి ప్రశ్న" అంటాడు. కిందటి సభలో ఆ మాట అనిపించుకున్న సైకిల్ షాపాయన మళ్ళీ షాపు తెరవలేదు.

"ఇంట్లో మా నాన్న ఒక్కడే ఉంటాడు మేడమ్," అంది అమ్మాయి. "పోనీ మీరడగండి. మీకేం మేడమ్, మీ జోలికి ఎవరొస్తారు?"

మేడమ్ నవ్వబోయింది. నవ్వు రాలేదు. లేచి ఇంటికి పోదామనిపించింది కానీ, ఇల్లు గుర్తొచ్చేసరికి మళ్ళీ కుర్చీలోనే సర్దుకుంది. పొద్దున ఆవిడ చేతి గుండీ భర్తే పెట్టాడు. "పిల్లల వెంట వెళ్తే వెళ్ళు. నువ్వు మాత్రం నోరు విప్పకు," అన్నాడు. సరేనంది.

"ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు గుమాస్తా.

అమ్మాయి తల దించేసుకుంది. అది చూశాక మేడమ్‌కి కూర్చోబుద్ధి కాలేదు. లేచింది. మైకు దాకా ఎలా నడిచిందో ఆవిడకే తెలియదు. ముందు వరసల వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

పేరు చెప్పింది. వంతెన ఊగుతోందని తెలిసీ ఎందుకు మూయించలేదని అడిగింది.

గుమాస్తా కలం ఎత్తలేదు. బిక్కమొహం వేసుకుని ఛైర్మన్ వైపు చూశాడు.

"రాసుకోండి," అంది మేడమ్. పిల్లలకి చెప్పింది తనే తప్పితే ఎలా? "అడ్రసు కూడా రాసుకోండి."

"మంచి ప్రశ్న," అన్నాడు ఛైర్మన్.

మేడమ్ జాకెట్టు చేతులు ఇంకాస్త కిందికి లాక్కుంది.

"అడ్రసెందుకులే," అన్నాడాయన నవ్వుతూ, "ఇద్దరం ఒకే కార్లో ఇంటికెళ్ళేవాళ్ళమేగా."